'మై హ్యాండ్స్ ఆర్ టైడ్': నారాయణపేటలో ఒక బ్యాంకు క్లెయిమ్ కేసు

ఉచిత న్యాయ సహాయం అందించే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ప్యానెల్ లాయరుగా నేను చూసే కేసుల్లో చాలావరకు ఏదో ఒక ఆఫీసు కౌంటర్ దగ్గర మొదలవుతాయి. "రూల్స్ ఒప్పుకోవు", "నా చేతుల్లో ఏం లేదు" అంటారు. ఇంగ్లీషు అలవాటున్న ఆఫీసరైతే "మై హ్యాండ్స్ ఆర్ టైడ్" అంటారు. మాటకు మాట అర్థం 'నా చేతులు కట్టేసి ఉన్నాయి', అసలు అర్థం 'నేనేం చేయలేను'. విన్నవాళ్లు మారు మాట్లాడకుండా ఇంటికి వెళ్లిపోతారు. ఈ కేసులో ఒకే బ్యాంకు మేనేజరు ఒకే మనిషికి ఈ మాటను మూడు వేర్వేరు విషయాల్లో చెప్పారు. ప్రతిసారీ దాని వెనక ఉన్న నిబంధన వేరు. ఆ నిబంధన ఏమిటో అడగకుండా ఈ మాటను ఒప్పుకోకూడదు, కొట్టిపారేయకూడదు కూడా. ఈ పనిలో ఉన్న జూనియర్లకు, పారాలీగల్ వాలంటీర్లకు ఉపయోగపడుతుందని వివరంగా రాస్తున్నాను. మనుషుల పేర్లు, ఊరి పేరు, బ్యాంకు పేరు రాయడం లేదు.

కుటుంబం, కాగితాలు

నారాయణపేట జిల్లాలో దామరగిద్ద వైపు ఊరు. 2019లో కొత్త జిల్లా అయినా అక్కడివాళ్లు ఇప్పటికీ తమది పాలమూరే అంటారు. భర్త వయసు 38. ఏటా కూలీలను పనికి తీసుకెళ్లే గుంపు మేస్త్రీ వెంట పుణె వెళ్లి సెంట్రింగ్ పని చేసేవాడు. 2024లో పని జరుగుతుండగానే సైటులో కుప్పకూలాడు, ఆస్పత్రికి చేర్చేలోపే ప్రాణం పోయింది. గుండెపోటు అని రాశారు. ఇంట్లో భార్య, బడికి వెళ్లే ఇద్దరు పిల్లలు, భర్త తల్లి ఉన్నారు. మామ అంతకు ముందే చనిపోయాడు. భూమి ఇంకా ఆ మామ పేరు మీదే ఉండటంతో రైతు బీమా వర్తించలేదు.

మరణ ధ్రువపత్రం కోసం మొదట వాళ్లు ఊళ్లో పంచాయతీ కార్యదర్శి చుట్టూ తిరిగారు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం మరణం ఎక్కడ జరిగితే అక్కడే నమోదు చేయాలి. అంటే పుణె నుంచే రావాలి. గుంపు మేస్త్రీ మనిషిని పంపి తెప్పించాడు. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం మీసేవలో పెడితే తహసీల్దారు ఆఫీసు నుంచి వచ్చింది. ఆ రెండూ ఆమె చేతికొచ్చేసరికి దినాలు అయిపోయి చాలా రోజులైంది, పిల్లల బడి ఖర్చులు నెత్తిమీదికొచ్చాయి.

బ్యాంకులో ఉన్నవి ఇవి. సేవింగ్స్ ఖాతాలో లక్షా ఎనభై వేల దాకా, నామినీ భార్య. పెళ్లికి ముందు వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్ ఒకటి, సుమారు రెండు లక్షలు, నామినీ చనిపోయిన తండ్రి. పాస్‌బుక్కులో ఏటా 20 రూపాయలు కోసుకున్నట్టు ఒక లైను, అంటే ప్రధానమంత్రి సురక్షా బీమా.

కౌంటర్ దగ్గర ఏం జరిగింది

మేనేజరు వేరే రాష్ట్రం నుంచి బదిలీ మీద వచ్చినవారు. తెలుగు రాదు. ఆమెకు తెలుగుతోపాటు సరిహద్దు ఊరి కన్నడ వచ్చు, హిందీ అంతంతమాత్రం. తోడు వెళ్లిన తమ్ముడికి పుణె హిందీ వచ్చు. మేనేజరు కాగితాలన్నీ చూసి, "సారీ, మై హ్యాండ్స్ ఆర్ టైడ్" అని, వారసులెవరో చెప్పే సక్సెషన్ సర్టిఫికేట్ కోర్టు నుంచి తెచ్చుకోవాలని హిందీలో చెప్పారు. తమ్ముడు అక్కకు ఇలా చెప్పాడు: "సారు చేతులు కట్టేసిండ్రంటక్కా, కోర్టుకు పోవాల్నంట."

ఆమె భయపడింది. "ఎవరు కట్టేసిన్రు? మీ బావ మీద ఏమన్న కేసున్నదా?" అని తమ్ముణ్ని అడిగింది. పుణెలో భర్త మీద ఏదో కేసు ఉందని, అందుకే కోర్టువాళ్లు బ్యాంకును ఆపేశారని అనుకుంది. గుంపు మేస్త్రీని పిలిచి నిలదీసింది, పచ్చి గొడవైంది. మళ్లీ బ్యాంకుకు పోతే ఎవరైనా పట్టుకుంటారేమో అని అటువైపు వెళ్లలేదు. పిల్లల ఫీజుకు నూటికి మూడు రూపాయల మిత్తికి అప్పు తెచ్చింది. భర్త కష్టార్జితం తన పేరు నామినీగా పెట్టుకుని బ్యాంకులోనే ఉంది. ఆమె మాత్రం మిత్తి కడుతూ కూర్చుంది. నాకు ఈ కేసులో అన్నిటికంటే బాధ కలిగించింది ఇదే.

మా దగ్గరికి అంగన్‌వాడీ టీచరు తీసుకొచ్చారు. న్యాయ సేవల అధికార సంస్థల చట్టం, 1987లోని 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. 15100కు ఫోన్ చేసినా చాలు. ఆమె మొదటి ప్రశ్న "మా ఆయన మీద కేసేమన్న ఉంటే చెప్పు మేడం, దాయకు" అన్నది. కేసేదీ లేదని, బ్యాంకాయన రూలు గురించి మాట్లాడాడని, ఆ రూలు ఉందో లేదో చూడటమే నా పని అని చెప్పాక కుదుటపడింది.

ఖాతాలో డబ్బు: ఆ రూలు లేదు

నామినీ ఉన్న ఖాతా గురించి చట్టంలో చాలా స్పష్టంగా ఉంది. బ్యాంకింగ్ నియంత్రణ చట్టం, 1949లోని 45-జెడ్‌ఏ సెక్షన్ ప్రకారం నామినీకి డబ్బు ఇచ్చేస్తే బ్యాంకు బాధ్యత తీరిపోయినట్టే. రిజర్వు బ్యాంకు 2005 జూన్ 9న ఇచ్చిన సర్క్యులర్ ఇంకా సూటిగా చెప్పింది. నామినీ ఉన్నప్పుడు సక్సెషన్ సర్టిఫికేట్ గానీ, ప్రొబేట్ (వీలునామాకు కోర్టు ధ్రువీకరణ) గానీ, లెటర్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్ (ఆస్తి నిర్వహణకు కోర్టు ఇచ్చే అధికారం) గానీ అడగకూడదు. ఇండెమ్నిటీ బాండు (తర్వాత బ్యాంకుకు నష్టమొస్తే మేం భరిస్తామనే హామీ పత్రం), జామీను కూడా అడగకూడదు. ఖాతాలో ఎంత డబ్బున్నా ఇదే వర్తిస్తుంది. బ్యాంకు చూసుకోవాల్సింది మూడే: నామినీ ఎవరో, ఖాతాదారు చనిపోయాడో లేదో కాగితాలతో తేల్చుకోవాలి, చెల్లింపును ఆపమని కోర్టు ఉత్తర్వు లేదని చూసుకోవాలి, వారసుల తరఫున ట్రస్టీగా మాత్రమే ఈ డబ్బు తీసుకుంటున్నావని నామినీకి స్పష్టంగా చెప్పాలి. కాగితాలు అందిన 15 రోజుల్లో తేల్చేయాలి.

అంటే మేనేజరు అడిగింది, సరిగ్గా అడగొద్దని రిజర్వు బ్యాంకు చెప్పినదాన్నే.

ఇలాంటప్పుడు చాలామంది లాయర్లు వెంటనే లీగల్ నోటీసు ఇస్తారు. నేను ఇవ్వలేదు. నోటీసు వెళ్తే ఫైలు బ్యాంకు లాయరు దగ్గరికి పోతుంది, మేనేజరు ఇక ఒక్క అడుగూ ముందుకు వేయరు. అందుకే ఆమె పేరుతో ఒక పేజీ ఉత్తరం తెలుగులో రాసి, కింద ఇంగ్లీషు కాపీ జతచేశాను. అందులో అసలు వాక్యం ఒకటే: "నామినీనైన నన్ను మీరు సక్సెషన్ సర్టిఫికేట్ తెమ్మంటున్నారు. ఏ నిబంధన కింద అడుగుతున్నారో దాని నంబరు, తేదీ రాసి ఇవ్వగలరు." 2005 సర్క్యులర్ కాపీ వెనక పెట్టాం. బ్రాంచిలో ఉత్తరం అందినట్టు ఇన్‌వార్డు ముద్ర వేయించుకుని ఒక కాపీ ఆమె దగ్గర ఉంచాం.

ఆ ముద్ర చాలా ముఖ్యం. బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లాలంటే ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి ఉండాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా అక్కడికి వెళ్లొచ్చు. 2021 నవంబరు నుంచి ఏ బ్యాంకు మీదైనా ఒకే చోట ఫిర్యాదు చేసే పద్ధతి వచ్చింది, రూపాయి ఖర్చు లేదు, లాయరు అక్కర్లేదు. నోటి మాటతో తిరిగొచ్చిన మనిషికి ఈ దారి మూసుకుపోతుంది, ఎందుకంటే బ్యాంకు కాదన్నట్టు ఎక్కడా కాగితం ఉండదు.

ఉత్తరం ఇచ్చాక మేనేజరే నాకు ఫోన్ చేశారు. మంచి మనిషి, నిజంగానే ఇరకాటంలో ఉన్నారు. అసలు విషయం అప్పుడు బయటపడింది. చనిపోయినాయన తల్లి అంతకు ముందే బ్రాంచికి వచ్చి, "మా కోడలుకు పైసలియ్యకుండ్రి సారూ, తీస్కొని తల్లిగారింటికి పోతది" అని కౌంటర్ దగ్గర ఏడ్చి వెళ్లింది. ఆయనకు అది గొడవగా కనిపించింది. రేపు ఆడిటులో ఎవరైనా అడిగితే ఏం చెప్పాలనే టెన్షన్. కోర్టు కాగితం ఉంటే తన మీదికి రాదనుకున్నారు.

ఆయన భయానికి జవాబు అదే చట్టంలో పక్క సెక్షన్‌లో ఉంది. 45-జెడ్‌బీ ప్రకారం ఖాతాదారు కాని మూడో మనిషి తనకు హక్కుందని నోటీసు ఇచ్చినా బ్యాంకు తీసుకోనక్కర్లేదు, దానికి కట్టుబడాల్సిన పనీ లేదు. కోర్టు ఉత్తర్వు తెస్తే మాత్రం చూడాలి. కౌంటర్ దగ్గర ఏడుపు కోర్టు ఉత్తర్వు కాదు. తనను కాపాడటానికే రాసిన సెక్షన్‌ను ఆయనకు ఎవరూ చూపించలేదు. ఆయన రీజినల్ ఆఫీసుకు రాసి అడిగారు. సర్టిఫికేట్ అక్కర్లేదు, చెల్లించండి అని అక్కడి నుంచి జవాబు వచ్చింది.

అత్త అభ్యంతరం

కేసు ఇక్కడితో ముగిసిందని ఫైలు కట్టేయొచ్చు. కానీ పెద్దావిడ అన్నమాటలో న్యాయం ఉంది. నామినీ డబ్బు తీసుకునే మనిషి మాత్రమే, సొంతదారు కాదు. 2010లో రామ్ చందర్ తల్వార్ కేసులో సుప్రీంకోర్టు 45-జెడ్‌ఏ గురించి ఇదే చెప్పింది. హిందూ వారసత్వ చట్టం, 1956 ప్రకారం వీలునామా రాయకుండా చనిపోయిన కొడుకు ఆస్తిలో తల్లి మొదటి తరగతి వారసురాలు. ఇక్కడ తల్లి, భార్య, ఇద్దరు పిల్లలు కలిపి నలుగురికి తలా ఒక పావు.

ఈ విషయం నా క్లయింటుకు చెప్పకుండా డబ్బు ఇప్పిస్తే రేపు అత్త దావా వేస్తుంది. పైగా ఆ ముసలామెకు రావాల్సింది నేనే అడ్డుకున్నట్టవుతుంది. చెప్పాను. ఆమెకు కోపం వచ్చింది. "ఆయన్ని పెంచింది ఆమె అయితే కావచ్చు గనీ, పిల్లల్ని పెంచేది నేను" అంది. అందులో అబద్ధం లేదు. అయినా చట్టం పావు వాటా అంటోంది. వీళ్లిద్దరి మధ్య తగువుకు కారణం డబ్బు ఒక్కటే కాదని కూడా నాకు కనిపించింది. కొడుకు శవాన్ని అంబులెన్సులో తెచ్చిన రోజు నుంచీ ఇద్దరూ ఒకరితో ఒకరు సరిగ్గా మాట్లాడుకోలేదు.

ఇంటికి వెళ్లి ఇద్దరినీ కూర్చోబెట్టాను. పెద్దావిడకు రెండు విషయాలు చెప్పాను. ఒకటి, నీ వాటా నీకు ఉంది అవ్వా, దాన్ని ఎవరూ తీసేయలేరు. రెండు, బ్యాంకులో ఏడిస్తే వాటా రాదు, ఇద్దరి డబ్బూ ఆగిపోతుంది. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తన మందుల ఖర్చు, చేతిలో ఒక్క రూపాయి లేకపోవడం గురించి చెప్పింది. సేవింగ్స్ డబ్బు వచ్చాక ఆమె పావు వాటా ఆమె సొంత ఖాతాలో వేయాలని, పిల్లల వాటాలు పిల్లల పేర డిపాజిట్ చేయాలని మాట అనుకున్నారు. ఇంటిపెద్దల సమక్షంలో కాగితం రాయించి ఇద్దరి చేతా వేలిముద్రలు పెట్టించాం.

ఫిక్స్‌డ్ డిపాజిట్

దీంట్లో మేనేజరు మాటలో నిజం ఉంది. నామినీగా ఉన్న తండ్రి చనిపోయాక ఆ నామినేషన్‌కు విలువ లేదు. నామినీ లేని డిపాజిట్ కింద లెక్క. అలాంటప్పుడు వారసులందరూ ముందుకు రావాలి. అయితే ఇక్కడా కోర్టు మెట్లు ఎక్కాల్సిన పని లేదు. 2005 సర్క్యులరే, ప్రతి బ్యాంకూ ఒక పరిమితి పెట్టుకుని, ఆ లోపు ఉన్న క్లెయిములను ఇండెమ్నిటీ కాగితంతోనే తీర్చాలని చెప్పింది. ఈ డిపాజిట్ ఆ బ్యాంకు పరిమితి లోపే ఉంది. అత్త సంతకం కావాలి, పిల్లల తరఫున తల్లి సంతకం చేయాలి. ఇంట్లో మాట కుదిరింది కాబట్టి ఇది ఆలస్యం లేకుండా అయిపోయింది. అత్తాకోడళ్లు ఒకే ఆటోలో బ్యాంకుకు వచ్చారు.

ఇప్పుడు ఇలాంటి కేసులు చూసేవాళ్లు కొత్త నిబంధనలు తెలుసుకోవాలి. 2025 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల్లో నామినీ లేని ఖాతాలకు ఈ పరిమితి కనీసం 15 లక్షలు, సహకార బ్యాంకుల్లో 5 లక్షలు ఉండాలన్నారు. బ్యాంకులు వీటిని అమలు చేయడానికి 2026 మార్చి 31 దాకా గడువు పెట్టారు. బ్యాంకు వల్లే ఆలస్యమైతే, రిజర్వు బ్యాంకు ప్రకటించే 'బ్యాంకు రేటు'కు మరో 4 శాతం కలిపి వడ్డీ ఇవ్వాలి. 2025 నవంబరు నుంచి ఒక డిపాజిట్‌కు నలుగురి దాకా నామినీలను పెట్టుకునే వీలు కూడా వచ్చింది. పుణె, ముంబై వెళ్లే వలస కూలీలకు మా శిబిరాల్లో నేను మొదట చెప్పేది ఇదే. పాత డిపాజిట్ కాగితం తీసి నామినీ ఎవరో చూసుకోండి, ఆ నామినీ బతికున్నారో లేదో చూసుకోండి.

20 రూపాయల బీమా

ఇక్కడ మేనేజరు అన్నది అక్షరాలా నిజం. సురక్షా బీమా ప్రమాదంలో చనిపోతేనే 2 లక్షలు ఇస్తుంది. గుండెపోటుకు ఇవ్వదు. ఏ కారణంతో చనిపోయినా వర్తించేది జీవన్ జ్యోతి బీమా. దానికి ఏటా 436 రూపాయలు కట్టాలి, ఆయన అందులో చేరలేదు. రాసి అడిగినా, అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లినా ఇది మారదు. ఆమెకు ఈ మాట నేనే చెప్పాను, ఆశ పెట్టలేదు. మేనేజరు ఈసారి మరణ ధ్రువపత్రంలో కారణం రాసిన చోట వేలు పెట్టి, పథకం కాగితం పక్కన పెట్టి, తమ్ముడి ద్వారా అర్థమయ్యేలా చెప్పారు. ఆమె ఒప్పుకుంది. అదే మేనేజరు మొదటిరోజు కూడా ఇలాగే ఏ రూలు, అందులో ఏముంది, ఆయన కాకపోతే ఎవరు తేల్చగలరు అని చెప్పి ఉంటే ఆమె అప్పు చేసేది కాదు. నిబంధనలు నిజంగానే అడ్డం ఉన్నప్పుడు "మై హ్యాండ్స్ ఆర్ టైడ్" అనడంలో తప్పేమీ లేదు, ఆ నిబంధనను చూపించాలి అంతే. మేం లాయర్లం కూడా క్లయింట్లతో ఈ మాట తరచుగా అంటాం. సెక్షన్ నంబరు చెప్పకుండా అనకూడదని నా జూనియర్లకు గట్టిగా చెప్తాను.

బీమా లేదన్నాక గుండెపోటు ఎక్కడ వచ్చింది అన్న ప్రశ్న మిగిలింది. పని చేస్తుండగా సైటులో వచ్చింది. ఆయన చనిపోయేనాటికి అమల్లో ఉన్న (2025 నవంబరు దాకా ఉన్న) ఉద్యోగుల పరిహార చట్టం, 1923 కింద పని వల్ల వచ్చిన శ్రమకూ గుండెపోటుకూ సంబంధం చూపించగలిగితే పరిహారం వస్తుంది. గుండెపోటు పనిలో వచ్చినంత మాత్రాన చాలదు, ఆ సంబంధం రుజువు కావాలని సుప్రీంకోర్టు చెప్పింది. నెల జీతం 15,000 లెక్కన, ఆయన వయసుకు చట్టంలో ఉన్న గుణకంతో చూస్తే ఆ పరిహారం 14 లక్షలు దాటుతుంది. పుణె వెళ్లి కేసు వేయాల్సిన పని లేదు. 21వ సెక్షన్ ప్రకారం ఆధారపడినవాళ్లు ఉంటున్న చోటే వేయొచ్చు. మరణం జరిగిన రెండేళ్లలోపు దరఖాస్తు చేయాలి. ఇది బ్యాంకులో ఎవరూ చెప్పరు, చెప్పాల్సిన పని వాళ్లది కాదు కూడా. కాబట్టి ఒక చోట కాదన్నాక మరో చోట ఏముందో వెతకడం మన బాధ్యత.

కార్మిక శాఖలోని కమిషనర్ ముందు దరఖాస్తు వేశాం. ఈసారి అత్త, కోడలు, పిల్లలు అందరూ దరఖాస్తుదారులే, ఎందుకంటే వితంతువైన తల్లిని కూడా ఆ చట్టం ఆధారపడిన మనిషిగానే చూస్తుంది. పోస్టుమార్టం రిపోర్టు తెప్పించాం. ఆ వారం ఎన్ని గంటలు పని చేయించారో, ఎన్నో అంతస్తుకు సామాను మోయించారో చెప్పే హాజరు పుస్తకం ఇంకా దొరకలేదు. అది గుంపు మేస్త్రీ దగ్గర ఉందో కంపెనీ సైటు ఆఫీసులో ఉందో తేలాలి. మేస్త్రీని సాక్షిగా పిలిపించమని పిటిషన్ వేశాం, వాయిదా పడి ఉంది.